రిఫండ్ ఫెయిల్ అయితే: పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా సంగతి

చిక్కు మీ ఆదాయపు పన్ను రిటర్నులో లేదు, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఉన్నట్టుంది. రిటర్ను ప్రాసెస్ అయ్యాక ‘రిఫండ్ ఫెయిల్డ్’ అని వచ్చిందన్నారు, ఖాతా పాత ఆంధ్రా బ్యాంకుదన్నారు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ‘ఏఎన్‌డీబీ’తో మొదలయ్యే పాత కోడ్ ఇప్పుడు చెల్లదు. ‘యూబీఐఎన్’తో మొదలయ్యేది కావాలి.

1. కొత్త పాస్‌బుక్కులో కోడ్ చూసుకోండి. పాత చెక్కుబుక్కును నమ్మొద్దు.

2. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రొఫైల్, అందులో ‘మై బ్యాంక్ అకౌంట్’ తెరిచి, కోడ్ సరిచేసి రీవాలిడేట్ (మళ్లీ ధ్రువీకరణ) చేయండి. ఖాతాకు పాన్ జతై ఉండాలి, పేరు పాన్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

3. ‘వాలిడేటెడ్’ అని రాగానే పక్కనున్న ‘నామినేట్ ఫర్ రిఫండ్’ మీట ఆన్ చేయండి.

4. చాలామంది వదిలేసేది ఇదే. ఖాతా సరిచేసినంత మాత్రాన ఫెయిలైన డబ్బు దానంతటదే రాదు, మళ్లీ అడగాలి. ‘సర్వీసెస్’లో ‘రిఫండ్ రీఇష్యూ’కి వెళ్లి, రిఫండ్ ఫెయిలైన సంవత్సరాన్నీ ఖాతానూ ఎంచుకుని, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించండి. ధ్రువీకరించకపోతే అభ్యర్థన పెట్టనట్టే.

రివైజ్డ్ (సవరించిన) రిటర్ను వేయమని ఎవరైనా చెబితే వినకండి, దీనికి ఆ అవసరం లేదు.