కొబ్బరితోట మీద ఎర్రక్షరాలు

ప్రశ్న: నమస్తే అండి. మాది సఖినేటిపల్లి దగ్గర. మా కోలాటం టీం వాళ్ళం స్వామివారి మీద 8 పాటలు రికార్డ్ చేయించాం, అంతర్వేది తీర్థానికి సీడీలు పంచుదామని. మా అబ్బాయే కవర్ చేశాడండి, వెనకాల కొబ్బరితోట ఫోటో, దాని మీద ఎర్ర రంగులో మెలికల ఫాంట్. చూడ్డానికి బానే ఉంది గానీ మా పెద్దోళ్ళెవరికీ చదవడం రావట్లేదు. ఏ ఫాంట్ పెట్టమంటారు?

జవాబు: ఫాంట్ సంగతి తర్వాతండి, ముందు ఆ తోట సంగతి చూడండి. ఆకుల్లో వెలుగు ఒక చోట నీడ ఒక చోట ఉంటది కదా, దాని మీద ఏ రంగు పెట్టినా సగం అక్షరం కనపడి సగం కలిసిపోద్ది. పైగా ఎరుపు, ఆకుపచ్చ వేరే రంగులే గానీ ముదురులో చాలాసార్లు ఒకటే ఉంటాయి, నమ్మకం లేకపోతే ఆ కవర్‌ని ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి చూపించమనండి మీ అబ్బాయిని. ఈ రెండు రంగుల తేడా పుట్టుకతోనే తెలీనివాళ్ళు కూడా ఉంటారు, ఎక్కువగా మగాళ్ళే, వాళ్ళకి ఇంకా కష్టం. తోట తీసెయ్యక్కర్లేదు, పైన ఆకాశం ఖాళీగా ఉన్న ఫోటో ఒకటి తీసి ఆ ఖాళీలో ముదురు మెరూన్‌తో పేరు రాయండి చాలు.

మెలికల ఫాంట్ పేరుకొక్కదానికే, అదీ పెద్ద సైజులో. పాటల లిస్టుకి వద్దే వద్దు. సీడీ కవర్ అంటే 12 సెంటీమీటర్ల చదరం, అందులోనే పాటలు, పాడినోళ్ళు, దాతలు (మన వైపు దాతల పేర్లు లేకపోతే పనవ్వదు కదా) అందరూ పట్టాలి, అక్షరం చిన్నదైపోతది. అప్పుడు లావు ఫాంట్ పెడితే ద, ధ తేడా చెప్పే ఆ చిన్న గీత ఇంకులో పూడుకుపోద్ది. లిస్టుకి మండలి, టైటిల్‌కి రామభద్ర వాడి చూడండి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగానే దొరుకుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది లైన్ల మధ్య గ్యాప్. లక్ష్మీనరసింహ అని రెండు లైన్లు వరసగా టైప్ చేసి చూడండి, పై లైన్‌లో క్ష్మీ కింద వేలాడే ఒత్తులు కింది లైన్ గుడులకి తగిలేస్తాయి. ఇంగ్లీషుకి సరిపోయే గ్యాప్ మనకి చాలదండి, అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లైనా ఇవ్వండి.

డీటీపీ ఆయన అను ఫాంట్స్‌లో చేస్తానంటే చెయ్యనివ్వండి, కాకపోతే మీరు వాట్సాప్‌లో పంపింది యూనికోడ్ (ఫోన్లన్నీ అక్షరాలకి వాడే పద్ధతి), అను ఫాంట్స్‌ది వేరే పాత పద్ధతి, అందుకని ఆయన దాన్ని కన్వర్ట్ అన్నా చెయ్యాలి, మళ్ళీ టైప్ అన్నా చెయ్యాలి, తప్పులు దొర్లేది అక్కడే, ప్రూఫ్ మీరే చూసుకోండి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కకొస్తుంటే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చెయ్యమనండి. చిన్నక్షరాలు ఒట్టి నల్ల ఇంకుతోనే వెయ్యమనండి, నాలుగు రంగులు కలిపి వేస్తే ప్రెస్‌లో ఏ ఒక్క రంగు ప్లేట్ కొంచెం జరిగినా మసకబారతాయి. ఫోన్లో మెరిసే చిలకపచ్చ కూడా కాగితం మీద అలా రాదు, ప్రెస్ వాళ్ళని తిట్టి లాభం లేదు.

అసలు సైజులోనే ఒక కాపీ ప్రింట్ తీసి, మీ టీంలో పెద్దావిడ చేతికిచ్చి రాత్రి ట్యూబ్‌లైట్ కింద చదివించాకే మిగతావి కొట్టించండి.

ప్రశ్న: మాది భీమవరం సార్. మేం సీడీలు వెయ్యట్లేదు, పాట ఆన్‌లైన్‌లో పెడుతున్నాం అంతే. కవర్‌కి ఇవన్నీ అవసరమా?

జవాబు: సగం అక్కర్లేదు బాబూ. 3000 పిక్సెల్స్ చదరం ఇమేజ్ చేసుకో, పాట పేరు, పాడినవాళ్ళ పేరు తప్ప ఇంకేం రాయకు. అప్‌లోడ్ చేసేముందు దాన్ని బొటనవేలి గోరంత చేసి చూడు, పేరు చదవడం రాకపోతే ఇంకా పెద్దది చెయ్యి.