అగ్గిపుల్ల మ్యాచ్ వేరు, ఉప్పల్ మ్యాచ్ వేరు

సందేహం: ఉప్పల్ స్టేడియంలో ఆడేది మ్యాచ్. సుల్తాన్ బజార్‌లో చీరకు తగ్గ జాకెట్టు ముక్క దొరికేది మ్యాచింగ్ సెంటర్‌లో. అగ్గిపెట్టె మ్యాచ్ బాక్స్. పుల్లకూ పెట్టెకూ జోడీ కుదిరితేనే మండుతుంది కాబట్టి దానికీ ఆ పేరే వచ్చిందని మా పిల్లల టీచరుగారు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

సమాధానం: కాదండీ. మొదటి రెండూ ఒకే మాట. మూడోది పుట్టుకతోనే వేరు.

జాకెట్టు ముక్క మ్యాచింగ్‌కు మూలం పాత ఇంగ్లిషు 'యెమ్యాచ్చ'. జతలో ఒకరు, తోడు అని అర్థం. తోడు కాస్తా సరిజోడు అయింది, సరిజోడు ఎదురు నిలవగలవాడయ్యాడు, అక్కడి నుంచి పోటీ. ఈ నడక మనకు కొత్త కాదు. ఉజ్జీ అంటే ఈడైనవాడు. బరిలోకి దిగిన ఇద్దరూ సమ ఉజ్జీలైతేనే ఆట రక్తి కడుతుందంటాం.

అగ్గిపుల్ల మ్యాచ్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం దీపపు వత్తి. ఫ్రెంచివాళ్లు వత్తిని ఇప్పటికీ 'మెష్' అనే అంటారు. ఆ పేరే ఫిరంగి ముట్టించే తాడుకూ, గంధకం పూసిన పుల్లకూ పాకింది. గీస్తే మండే పుల్లల్ని జాన్ వాకర్ ఇంగ్లండులో అమ్మింది 1827లో. వాటిని గరుకు కాగితం మడతలో పెట్టి లాగేవారు. ఎర్ర భాస్వరాన్ని పెట్టె పక్కన పూయడం 1840ల నాటి మాట. పుల్లకూ పెట్టెకూ జోడీ కుదరడానికి వందల ఏళ్ల ముందే ఈ పేరు ఉంది. టీచరుగారి వివరణ నిలవనిది ఇక్కడే.

ఇది తెలియకే అనువాదాల్లో తప్పులు దొర్లుతాయి. మ్యాచ్‌లాక్ తుపాకిలో అగ్గిపుల్ల ఉండదు. సురేకారం నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన తాడు నిదానంగా రాజుకుంటూ ఉంటుంది. 'వత్తి తుపాకి' అంటే సరిపోతుంది.

తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయి. కొబ్బరికాయ కన్ను మన కన్నే, పోలికను బట్టి వచ్చింది. 'నూరు' అలా కాదు. వంద అనే నూరు సమాసంలో మారుతుంది: నూట పదహార్లు. పచ్చడి నూరే నూరు ఎన్నడూ 'నూట' కాదు. నూరి, నూరిన అంతే. రూపాలు ఇలా చీలితే రెండు మాటలేమోనని అనుమానించాలి.

పిల్లలకు ఇంగ్లిషు నిఘంటువు తెరిచి చూపించండి. మ్యాచ్ పక్కన పైకి చిన్నగా 1, 2 అని అంకెలుంటాయి. అవి అర్థాల వరుస కాదు, వేర్వేరు మాటలని చెప్పే గుర్తులు.