బాపు ఎంపీపీ.. బిడ్డ విలేకరి

రాజకీయ కుటుంబాల నుంచి విలేకరి వృత్తిలోకి వస్తున్నవారు ఈసారి నాలుగు ఉత్తరాలు రాశారు. అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాపు ఎంపీపీగా చేసిండు. పెద్దబాపు ఇప్పుడు పార్టీ మండల అధ్యక్షుడు, ఆయనకు రైస్‌మిల్లు ఉంది. నేను ఓ దినపత్రికలో మండల విలేకరిగా చేరబోతున్న. ఇదంతా ఆఫీసులో ముందే చెప్పాల్నా? చెప్తే పని ఇయ్యరేమోనని భయం.
– పాఠకురాలు, నర్సంపేట

జవాబు: చెప్పండమ్మా, చేరకముందే చెప్పండి. నోటిమాట చాలదు, కాగితం మీద పెట్టండి. విలేకరులను చూసే బ్యూరో ఇన్‌ఛార్జికి ఒకటి, పేజీలు చూసే ఎడిషన్ ఇన్‌ఛార్జికి ఒకటి. ఎవరు ఏ పార్టీ, ఏ పదవి, ఏ ఎన్నికల్లో నిలబడ్డారు అనేవి అందరూ రాస్తారు. వదిలేసేది వ్యాపారాలను. రైస్‌మిల్లు, జిన్నింగ్ మిల్లు, రేషన్ డీలర్‌షిప్, రోడ్డు కాంట్రాక్టు, ఎరువుల దుకాణం అన్నీ రాయాలి. మన దగ్గర విలేకరికి చిక్కు వచ్చేది పెద్దనాన్న సభలో ఏం మాట్లాడారన్న దగ్గర కాదు, సర్కారు నుంచి మిల్లుకు వడ్లు ఎన్ని వచ్చాయి, బియ్యం ఎన్ని తిరిగి సర్కారుకు వెళ్లాయి అన్న దగ్గర.

మండలం మార్చమని కూడా మీరే అడగండి. పక్క మండలం సరిపోదు. నర్సంపేట, చెన్నారావుపేట, నెక్కొండ, దుగ్గొండి, ఖానాపురం, నల్లబెల్లి అన్నీ ఒకే నియోజకవర్గం, నాయకులూ వాళ్లే. పరకాల వైపో, వర్ధన్నపేట వైపో అడగండి. వరంగల్ నగరంలో ఖాళీ ఉంటే ఎనుమాముల మార్కెట్, ఎంజీఎం ఆసుపత్రి, కోర్టు బీట్లు (రోజూ వార్తలు తెచ్చే చోట్లు) పని నేర్చుకోవడానికి ఇంకా మంచివి. మార్కెట్‌లో పత్తి, మిర్చి ధరలు రోజూ రాసేవారికి అంకె తప్పు పోతే సాయంత్రానికే రైతు ఫోన్ చేస్తాడు. ఆ భయం విలేకరికి మేలు చేస్తుంది.

ఇంకొకటి, యాడ్స్. పంద్రాగస్టుకు, కొత్త సంవత్సరానికి శుభాకాంక్షల ప్రకటనలు తెమ్మంటారు. ఇంట్లోనే నాయకుడున్నాడు కదా అని మీరు తేవాల్సిన ప్రకటనల వాటా అక్కడ నింపుకోకండి. ఒకసారి ఆ డబ్బు మీ పేరు మీద పడితే, రేపు మిల్లు మీద వార్త వచ్చినప్పుడు ఆఫీసే మిమ్మల్ని ఆగమంటుంది. మీ ఇంటి నాయకుడి ప్రకటన వేరే విలేకరి తేవాలి, రసీదు వారి పేరు మీదే ఉండాలి.

ప్రశ్న: మా మేనమామ సహకార సంఘం చైర్మన్. ఆ సంఘం వడ్ల కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో తూకంలో కోత పెడుతున్నరని రైతులు నాకే చెప్తున్నరు. రాయొచ్చా?
– పాఠకుడు, పరకాల

జవాబు: మీరు రాయొద్దు, కానీ వార్త ఆగొద్దు. రెండూ ముఖ్యమే. విన్న రోజే బ్యూరోకు చెప్పి పక్క మండలం విలేకరిని పంపమని అడగండి. రైతుల పేర్లు, కాంటా తేదీ, సంచుల లెక్క, రసీదుల ఫొటోలు ఇచ్చి పక్కకు జరగండి. మేనమామకు మాత్రం ముందు ఫోన్ చేయకండి. "ఒక్కమాట చెప్పి ఉంచుదాం" అనుకుంటారు, చాలామంది జారేది అక్కడే. రాత్రికల్లా రైతుల ఇళ్లకు మనుషులు పోతారు, పొద్దున మాట్లాడేవారుండరు. ఆయన వివరణ ఆ రెండో విలేకరే నేరుగా తీసుకోవాలి.

ఆ విలేకరి చూడాల్సినవి మూడు: కేంద్రంలో రైతుకిచ్చిన తూకం చీటీ, మిల్లు దగ్గర దిగుమతి రాసిన ట్రక్‌షీట్, రైతు ఖాతాలో పడ్డ డబ్బు. సంచికి 40 కిలోల లెక్కన మూడూ కలవాలి. తేమ 17 శాతం దాటిందని కోశామంటే తేమ కొలిచిన రోజు, అంకె అడగాలి. చీటీలో పూర్తి బరువుండి ట్రక్‌షీట్‌లో తగ్గితే కోత మిల్లు దగ్గర పడినట్టు. చీటీలోనే తగ్గితే కేంద్రంలో పడినట్టు. ఈ తేడా పట్టకుండా "తరుగు దోపిడీ" అని హెడ్డింగ్ పెడితే మిల్లువాళ్లు సంఘం మీద, సంఘంవాళ్లు మిల్లు మీద తోస్తారు. రైతుకు ఒరిగేదేమీ ఉండదు.

సమాచార హక్కు దరఖాస్తును నేరుగా సంఘానికి పెడితే తమకు చట్టం వర్తించదని తిప్పి పంపొచ్చు. కేరళ సహకార సంఘాల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూపిస్తారు. జిల్లా సహకార అధికారికి, పౌరసరఫరాల సంస్థ జిల్లా మేనేజర్‌కు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. అప్పటికి వరి కోతలు అయిపోతాయి కాబట్టి అది తర్వాతి వార్తకే పనికొస్తుంది.

ప్రశ్న: పీవీ నరసింహారావు గారు కూడా పత్రికలో రాశారు కదా. రాజకీయం ఉన్నవాళ్లు జర్నలిజం చేయకూడదా?
– పాఠకుడు, హన్మకొండ

జవాబు: తప్పకుండా చేయొచ్చు. వరంగల్ నుంచి వచ్చిన కాకతీయ పత్రికలో పీవీ, పాములపర్తి సదాశివరావు 'జయ విజయ' పేరుతో రాశారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. అయితే గోలకొండ పత్రిక ఎవరి పక్షాన నిలబడిందో చదివేవారికి ముందే తెలుసు. ఇవాళ జిల్లా పేజీలో మండల వార్తకు ఊరి పేరే ఉంటుంది, రాసినవారి పేరుండదు. చదివేవారికి మీ చుట్టరికం తెలిసే దారి లేదు. అందుకే కనీసం వార్తలు దిద్దే డెస్క్‌కైనా తెలియాలంటున్నాం.

ప్రశ్న: అన్న జెడ్పీటీసీకి నిలబడతనంటుండు. ఆయన వార్తలు ఒక్కటి రాయకుంటే సరిపోతదా?
– పాఠకుడు, ములుగు

జవాబు: సరిపోదు. పోటీదారుల వార్తలు కూడా మీ చేతిలో ఉండకూడదు. నామినేషన్ రోజు నుంచి ఫలితం దాకా డెస్క్ పని అడగండి, లేదంటే సెలవు పెట్టండి. ఓట్ల లెక్కింపు దగ్గరికి ప్రెస్ పాస్‌తో వెళ్లి అన్న పక్కన కూర్చోవద్దు. ఏజెంటుగా కూర్చుంటే ఆ పాస్ ముందే ఆఫీసులో ఇచ్చేయండి. అన్న పుట్టినరోజు ఫ్లెక్సీలో కింది వరుసలో మీ ఫొటో వేస్తారు, అడగకుండానే వేస్తారు. ప్రింటింగ్‌కు పోకముందే డిజైన్ తెప్పించుకుని చూసి తీయించండి. కట్టిన తర్వాత తీయిస్తే అప్పటికే ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టి ఉంటారు.