పట్టుదల లేక కాదు, చోటు కుదరక

ప్రశ్న: నా వయసు 31. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం ఏడు తర్వాత ఒక పోటీ పరీక్షకు చదువుతాను. పడకగదిలో మంచం మీద పుస్తకం తెరుస్తాను కానీ, పది నిమిషాలకోసారి చెయ్యి ఫోన్ మీదకు పోతుంది. హాల్లో మామయ్యగారు టీవీలో వార్తలు పెడతారు, తలుపు వేసినా వినిపిస్తాయి. ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పాను. "నీకు పట్టుదల లేదు" అంటారు మావారు. నిజంగా నేను బద్ధకస్తురాలినేనా?

జవాబు: రోజంతా ఉద్యోగం చేసి, రెండుసార్లు తప్పి కూడా మళ్లీ పుస్తకం పట్టుకున్న మనిషిని నేను బద్ధకస్తురాలు అనలేను. మీ ఉత్తరంలో నాకు కనిపించింది పట్టుదల లోపం కాదు, మీకు చదువుకునే చోటంటూ లేకపోవడం.

ముందు ఫోన్ సంగతి. సైలెంట్‌లో పెట్టి బోర్లా తిప్పితే చాలనుకుంటాం. 2017లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరిని ఫోన్ బల్ల మీద, కొందరిని జేబులోనో సంచిలోనో, మరికొందరిని వేరే గదిలో పెట్టమని చెప్పి పరీక్ష పెట్టారు. అన్నీ సైలెంట్‌లోనే ఉన్నాయి. వేరే గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే బాగా చేశారు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నిటిలోనూ అంత తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. అయినా ఫోన్ దూరంగా పెట్టమనే నేను గట్టిగా చెబుతాను. లేచి, తలుపు తీసి, నడిచి వెళ్లి తెచ్చుకోవాలంటే, ఆ నాలుగు అడుగుల్లో "ఇప్పుడు ఎందుకు?" అని మీకే అనిపిస్తుంది. చేతికి అందేలా ఉంటే అలా అనిపించే లోపే చూడటం అయిపోతుంది. టైమ్ చూసుకోవడానికి మామూలు గడియారం పెట్టుకోండి. మధ్యలో వెతకాలనిపించినవి కాగితం మీద రాసి, తర్వాత చూడండి.

టీవీ విషయంలో ఒకటి గమనించండి. మీ చదువు పాడయ్యేది శబ్దం పెద్దదై కాదు, అందులో మాటలు ఉండటం వల్ల. ఫ్యాన్ చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కాసేపటికి మనసు దాన్ని వదిలేస్తుంది. మాటలు అలా కాదు, మనకు అక్కర్లేకపోయినా లోపలికి వచ్చేస్తాయి. దీని మీద 1970ల నుంచే పరిశోధనలు ఉన్నాయి. మాటలు వినిపిస్తున్నంతవరకు సౌండ్ కొంచెం తగ్గించినా పెద్దగా లాభం ఉండదని వాటిలో తేలింది. పాటలు పెట్టుకుని చదివినా ఇదే ఇబ్బంది.

అందుకే "సౌండ్ తగ్గించండి" అని తలుపు వెనక నుంచి అడగొద్దు. ఆయన నొచ్చుకుంటారు, మీ పనీ కాదు. టీవీ లేని సమయంలో, మీవారు పక్కన ఉండగా, మీరే అడగండి: "మామయ్యా, ఈ పరీక్ష అయ్యేదాకా రోజూ ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు చదువుకుంటాను. ఆ గంటన్నర ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తారా?" ఎంతసేపో, ఎన్నాళ్లో ముందే తెలిస్తే పెద్దవాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే గొడవ పడకండి, ఆ గంటన్నరని తెల్లవారుజాముకు మార్చుకోండి. అయితే నిద్ర తగ్గించుకుని మాత్రం కాదు, రాత్రి ముందుగా పడుకుని.

ఇక మంచం. నిద్ర పట్టనివాళ్లకు మంచాన్ని నిద్రకే వాడమని డాక్టర్లు చెబుతారు. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి అది, ఇప్పటికీ వాడుకలో ఉంది. మంచం చూస్తే ఒంటికి నిద్ర గుర్తుకు రావాలని దాని ఉద్దేశం. మీరు అదే మంచం మీద చదువు గుర్తుకు రావాలంటున్నారు! గోడవైపు తిరిగి కూర్చునేలా ఒక కుర్చీ, చిన్న బల్ల చాలు. వేరే గది అక్కర్లేదు. బల్ల మీద ఆ పూట పుస్తకం తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఆఫీసు పనీ అదే బల్ల మీద చేయాల్సి వస్తే, ఏడింటికి ల్యాప్‌టాప్ కళ్లకు కనపడకుండా తీసేయండి. తీసే ముందు, సగంలో ఆగిన పనిని రేపు ఎక్కడ మొదలుపెట్టాలో రెండు ముక్కలు రాసి పెట్టండి. ఒక పని వదిలి ఇంకోటి పట్టుకున్నా మనసు కొంత మొదటి దాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అలా రాసుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని ఆమె తర్వాతి పరిశోధనలో తేలింది.

మీవారి మాట మీకు ఎంత నొప్పి కలిగించిందో నాకు అర్థమైంది. ఆయనతో వాదించకండి, ఒక పని అప్పగించండి. ఆ గంటన్నర మీ ఫోన్ ఆయన దగ్గర ఉండాలి, కాల్స్ ఆయనే చూడాలి. మీరు ఎంతసేపు కూర్చుంటున్నారో అప్పుడు ఆయనకే తెలుస్తుంది.

ఇవన్నీ ఒక నెల చేశాక కూడా మనసు నిలవకపోతే, చిన్నప్పటి నుంచీ, బడిలోనూ ఇలాగే ఉండేదా అని గుర్తు తెచ్చుకోండి. వస్తువులు పోగొట్టుకోవడం, పనులు సగంలో వదిలేయడం మీకు మొదటి నుంచీ ఉంటే అది ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవకపోయే సమస్య) కావచ్చు. నిద్ర చాలకపోయినా, మనసు దిగులుగా ఉన్నా ధ్యాస ఇలాగే చెదురుతుంది. ఏదైనా సరే, మానసిక వైద్యులను కలవండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ రాత్రి మంచం మీది పుస్తకాలు బల్ల మీదకు చేర్చి, ఫోన్ మీవారికి ఇవ్వండి, అంతే. మామయ్యగారితో మాట్లాడటం సెలవు రోజు పొద్దున పెట్టుకోండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.