మరదలు వదులుకున్న జీతం కూడా లెక్కే

ప్రశ్న: మాది కాకినాడ. దుబాయ్‌లో పనిచేస్తున్నాను. నా భార్యది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. 74 ఏళ్ల మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. ఆవిడను చూసుకోవడానికి మరదలు ఉద్యోగం మానేసింది. మేం నెలనెలా పంపినా మధ్యలో మళ్లీ ఫోన్ వస్తుంది. మనీలాలో ఉన్న బావమరుదులిద్దరూ వీలైనప్పుడు ఇస్తారు. ఎంత పంపాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీరు పంపే డబ్బు లెక్కలో ఉంది, మరదలు వదులుకున్న జీతం లేదు. మీ అందరిలో ఎక్కువ ఇస్తున్నది బహుశా ఆవిడే.

ముందు అత్తగారు సొంతంగా ఏ పనులు చేసుకోలేకపోతున్నారో మరదలిని అడిగి రాసుకోండి. లేవడం, స్నానం, బట్టలు మార్చుకోవడం, తినడం, బాత్రూమ్‌కి వెళ్లడం. ఖర్చు పుట్టేది అక్కడే. లేపి స్నానం చేయిస్తే చాలనుకుంటే పొద్దున కాసేపు పనిమనిషి సాయం సరిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్లలేకపోతే డైపర్లు నెలనెలా కొనాలి, రాత్రిళ్లూ ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఫిజియోథెరపీతో కొన్ని పనులు తిరిగి రావచ్చు కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ చూడండి.

ఫిలిప్పీన్స్‌లో సీనియర్ సిటిజన్ కార్డు ఉంటే మందుల మీద 20 శాతం తగ్గింపు వస్తుంది, 12 శాతం వ్యాట్ కూడా ఉండదు. 60 దాటిన అందరికీ 2014 చట్టంతో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఫిల్‌హెల్త్ వర్తిస్తుంది. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది. ఇంట్లో రోజూ చేసే సేవకు డబ్బివ్వదు. నెలకు 1,000 పెసోల సామాజిక పింఛను నిరుపేదలకే. పిల్లలు డబ్బు పంపుతున్న ఇంటికి దాని మీద ఆశ వద్దు.

మిగిలిన ఖర్చు పంచుకోవాలి. ఆ దేశపు కుటుంబ చట్టం, 200వ అధికరణం, పోషణ బాధ్యత పలువురి మీద ఉంటే ఎవరి స్తోమతను బట్టి వారు భరించాలంటుంది. సమానంగా అని కాదు. మీ ఆవిడ ఈ మాట అన్నదమ్ముల ముందు పెడితే బావుంటుంది, మీరు పెడితే అల్లుడు లెక్కలడిగినట్టు ఉంటుంది. ప్రతి నెలా ఒకే తేదీన ఒకే ఖాతాలో వేయండి. మధ్యలో వచ్చే ఫోన్ల కోసం రెండు నెలల ఖర్చు వేరుగా ఉంచండి.

ఆ ఖాతాలోంచి మరదలికి నెలనెలా కొంత ఆవిడ సొంతానికి ఇవ్వండి. అక్కడి సామాజిక భద్రతా సంస్థ ఎస్‌ఎస్‌ఎస్ ఇచ్చే పింఛనుకు కనీసం 120 నెలల చందా ఉండాలి. ఉద్యోగం మానినా స్వచ్ఛంద సభ్యురాలిగా కట్టుకోవచ్చు. ఇప్పటికి ఎన్ని నెలలు కట్టిందో ఈ వారమే అడగండి.