కిటికీ మీద నలుపు, ఉంగరంలో మెరుపు

ప్రశ్న: మాస్టారూ, మాది విశాఖ ఓడరేవు దగ్గరి జ్ఞానాపురం. పొద్దున తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. మొన్న తుడుస్తుంటే ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, “ఈ బొగ్గు దుమ్మూ కార్బనే, నీ ఉంగరంలోని వజ్రమూ కార్బనే కదా, మరి ఒకటి వెలుగును మింగేసి ఇంకొకటి ఎందుకు వదిలేస్తోంది?” అని అడిగింది. పరమాణువుల అమరిక వేరని చెప్పాను. “అమరికకూ రంగుకూ ఏమిటి సంబంధం?” అంది. చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి వేసిన రెండో ప్రశ్న చదివి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. ఎన్నో ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను. “అమరిక వేరు” అనగానే రాసుకుని పుస్తకం మూసేసినవాళ్లే ఎక్కువ.

బొగ్గు దుమ్ములో కార్బన్ ఒక్కటే ఉండదు. అందుకని దాని బదులు పెన్సిల్‌లోని గ్రాఫైట్‌ను తీసుకుందాం. రంగును నిర్ణయించేది ఎలక్ట్రాన్లే. కార్బన్ పరమాణువుకు బయటి వరుసలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. వజ్రంలో ఆ నాలుగూ నలుగురు పొరుగువాళ్లతో గట్టి బంధాల్లో చిక్కుకుని ఉంటాయి. ఒక ఎలక్ట్రాన్ వెలుగును మింగాలంటే ఆ బంధం వదిలి పైమెట్టుకు ఎగరాలి. మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. మన ఊళ్లో వర్షపు నీరు పారే గెడ్డ లాంటిదనుకోండి. వజ్రంలో ఆ గెడ్డ వెడల్పు సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం ఇది). వెలుగు చిన్న చిన్న కణాలుగా వస్తుంది, ఎలక్ట్రాన్ ఒక్కసారికి ఒక్క కణాన్నే మింగుతుంది. కంటికి కనిపించే వెలుగులో ఎరుపు కణం ఇచ్చే ఊపు 1.8 దగ్గర, ఊదా కణం ఇచ్చేది 3.1 దగ్గర. ఏ రంగుకూ ఆ ఊపు చాలదు. దీపాలు వంద పెట్టినా అంతే. మూడడుగులు దూకేవాళ్లు వందమంది వచ్చినా ఐదున్నర అడుగుల గెడ్డ దాటలేరు కదా! అందుకే వెలుగు వజ్రంలోంచి చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంది.

గ్రాఫైట్‌లో పరమాణువులు తేనెపట్టు గళ్లలా పలుచని పొరలుగా పరుచుకుంటాయి. ఒక్కొక్కటి ముగ్గురు పొరుగువాళ్లనే పట్టుకుంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ పొరంతటా తిరుగుతుంది. దాని ముందు గెడ్డే లేదు. ఎరుపైనా ఊదా అయినా, ఏ కణం వచ్చినా మింగి పైకి లేస్తుంది. ఆ తిరుగాడే ఎలక్ట్రాన్లే కొంత వెలుగును తిప్పికొడతాయి కాబట్టి పెన్సిల్ గీతలో లోహపు నిగనిగ కనిపిస్తుంది. మసిలో ఆ నిగనిగ ఉండదు. దాని రేణువుల సందుల్లోకి దూరిన వెలుగు అటూ ఇటూ తగిలి లోపలే అణగిపోతుంది.

గెడ్డలో ఎక్కడైనా ఒక రాయి పడిందనుకోండి, దాని మీద కాలు మోపి దాటవచ్చు. వజ్రంలోకి చొరబడిన వేరే పరమాణువులు చేసే పని అదే. నైట్రోజన్ చేరితే నీలి వెలుగు ఖర్చయిపోయి వజ్రం పసుపుగా కనిపిస్తుంది. బోరాన్ చేరితే ఎరుపు వైపు వెలుగు తగ్గి నీలంగా మారుతుంది. వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న 45.52 కేరట్ల హోప్ వజ్రం అలాంటిదే. అది మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనులదని చెబుతారు. దాని మీద అతినీలలోహిత కాంతి వేసి ఆర్పేస్తే చీకట్లో కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. పైకి లేచిన ఎలక్ట్రాన్లు దారిలో చిక్కుకుని, ఆలస్యంగా దిగుతూ వదిలే వెలుగది. ఈ విషయం చెప్పినప్పుడల్లా నాకు సి.వి. రామన్ గారు గుర్తొస్తారు. ఆయన చిన్నతనం మన విశాఖలోనే గడిచింది, తండ్రి ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పేవారు. తర్వాత బెంగళూరులో రామన్ గారు వందలాది వజ్రాలు పోగుచేసి, అవి వెలుగుతో ఎలా మెలుగుతాయో ఏళ్ల తరబడి పరిశీలించారు.

ఇప్పుడు మీ అమ్మాయికి ఒక పని. 2004లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫైట్‌ను అంటుకునే టేపుతో ఒలిచి ఒలిచి ఒక్క పొరను వేరుచేశారు. అదే గ్రాఫీన్. 2010లో వారికి నోబెల్ వచ్చింది. ఆ ఒక్క పొర తన మీద పడే వెలుగులో 2.3 శాతాన్ని మింగుతుంది. మందం ఒక్క పరమాణువే, అయినా అంత మింగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పది పొరలు పేరిస్తే దాదాపు ఐదో వంతు వెలుగు ఆగిపోతుంది. ఒక మిల్లీమీటరు గ్రాఫైట్‌లో సుమారు 30 లక్షల పొరలుంటాయి, ఇక నల్లగా ఉండక ఏం చేస్తుంది!

మెత్తటి 6బి పెన్సిల్‌తో కాగితం మీద దట్టంగా రుద్దండి. టేపు అంటించి తీయండి. నల్లటి మచ్చ వస్తుంది. టేపును దాని మీదికే మడిచి, విప్పి, మళ్లీ కొత్తచోట మడవండి. ఒక్కో మడతకు మచ్చ రెండుగా చీలి పలచబడుతుంది. పెన్సిల్‌లో మట్టి కూడా కలిపి ఉంటుంది కాబట్టి ఒక్క పొర దొరుకుతుందని మాట ఇవ్వలేను. ప్రతి మడతకూ టేపును కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి చూడమనండి. ఎన్నో మడతకు నలుపు బూడిదరంగుకు తిరిగిందో, ఎన్నో మడతకు అవతలి వెలుగు కనిపించిందో అమ్మాయినే రాసి పంపమనండి.