కెమెరా ఈఎంఐలో కొంటే హంపికి డబ్బులేవి?

ప్రశ్న: మాది హన్మకొండ. నా వయసు 34. చేతికొచ్చే జీతం 52 వేలు. ఇంటి లోను ఈఎంఐ 16 వేలు, ఇంటి ఖర్చు 24 వేలు పోతాయి. భార్య, ఐదేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో 40 వేలున్నాయి, ఇన్సూరెన్స్ లేదు. సెలవు దొరికితే కారులో పాత గుళ్లు, కోటలు తిరిగి ఫోటోలు తీయడం నా సరదా. ఎనిమిదేళ్ల నాటి డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. రామప్ప గుడి లోపల తీస్తే ఫోటోలన్నీ మసకే. లక్షా 20 వేల కెమెరా నెలకు 5 వేల చొప్పున 24 నెలల నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండీ.

నో కాస్ట్ అన్నది పేరుకే. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు ఆ మేరకు ధర తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ జేబులోంచే. 16 శాతం వడ్డీ లెక్కన మీ కెమెరాకు అదే మూడు వేలు దాటుతుంది.

అసలు చిక్కు అది కాదు. మీకు నెలకు మిగిలేది 12 వేలు. పాప ఉంది కాబట్టి టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) తప్పదు, దానికి సుమారు పదిహేను వందలు. ఉన్న 40 వేలు ఒక్క నెల ఖర్చుకే సరి, కనుక అత్యవసర నిధికి నెలకు 5 వేలు. ఈ రెండూ పోగా, కెమెరా ఈఎంఐ కూడా కడితే మిగిలేది ఐదొందలు. హన్మకొండ నుంచి రామప్పకు పోయిరావడం సుమారు 140 కిలోమీటర్లు, పెట్రోలే వెయ్యి దాకా అవుతుంది. కెమెరా వస్తుంది, బీరువాలో కూర్చుంటుంది.

మీకు కావాల్సింది వెలుగు. మీ లెన్స్‌ను 50 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది). పది పన్నెండు వేలకు దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పదింతల వెలుగు లోపలికి తీసుకుంటుంది. 1213 నాటి రామప్ప గుడి నల్లరాతి స్తంభాల చెక్కడం అప్పుడు చూడండి. ట్రైపాడ్ ఆలోచన ఉంటే మానేయండి, పురావస్తు శాఖ అనుమతి లేనిదే పెట్టనివ్వరు.

ఈఎంఐకి పోవాల్సిన 5 వేలలో 2,500 నెలనెలా పక్కన పెట్టండి. ఐదు నెలల్లో లెన్స్ వస్తుంది. తర్వాతా ఆపకండి, కెమెరా సంగతి రెండేళ్ల తర్వాత చూద్దాం, సెకండ్ హ్యాండ్‌లోనైనా. మిగతా 2,500కు ఆ మిగిలే ఐదొందలు కలిపి 3 వేలు ప్రయాణాలకు విడిగా పెట్టండి. హంపి రానూపోనూ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. గది, తిండి కలిపి మూడు రోజులకు 18 వేలు వేసుకోండి, అంటే ఆరు నెలల పొదుపు.

ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టులో 3 వేలకు మొదలైంది, 200 ట్రిప్పులకు పనికొస్తుంది. రాష్ట్ర రహదారుల మీద చెల్లదు. పోయినేడు మీ ఖాతాలోంచి టోల్‌కు ఎంత పోయిందో మెసేజ్‌లు చూసి కూడండి. పాస్ ధర దాటితేనే తీసుకోండి. హంపిలో విఠ్ఠల ఆలయం టికెట్ పారేయకండి, అదే రోజు లోటస్ మహల్‌కూ అదే పనిచేస్తుంది.